ఒక రెప్పను ఎత్తితే రెండో రెప్ప వాలుతుందా?

ఎడమ కంటి రెప్ప వాలిపోయిందని ఆపరేషన్ చేయించుకున్నారు. కట్టు విప్పారు. వాపు తగ్గుముఖం పట్టింది. పదోనాడు అద్దంలో చూసుకుంటే ఎడమ కన్ను చక్కగా విప్పారి ఉన్నది. కాని అంతవరకు ఏ లోపమూ లేదనుకున్న కుడి రెప్ప కిందికి దిగి ఉన్నది! కత్తి తాకని కంటికి ఈ జబ్బు ఎక్కడినుంచి వచ్చింది?

వాలిన రెప్పను సరిచేసే శస్త్రచికిత్స తరువాత ఈ ప్రశ్న అడిగేవారు తక్కువేమీ కాదు. మరికొందరి ఇబ్బంది వేరు. ఆపరేషన్ చేసిన రెప్పే అవసరానికి మించి పైకి పోయి, ఆ మనిషి ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్లు కనబడుతుంది. లేదా సగం లేచి ఆగిపోతుంది. లేదా ఎత్తు రెండువైపులా సమానమే అయినా, విల్లులా వంగవలసిన రెప్ప అంచు ఒకచోట మొనదేరి ఉంటుంది. ఇటువంటప్పుడు రోగి నోటినుంచి వచ్చే మొదటి మాట ‘డాక్టరు పాడుచేశాడు’ అన్నదే. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు కూడా. అయితే అనేక సందర్భాల్లో ఈ హెచ్చుతగ్గులకు మూలం శస్త్రవైద్యుని చేతిలో కన్న రోగి మెదడులోనే ఉన్నది. ఈ సంగతి ముందుగా తెలిసి ఉంటే ఎంతో ఆవేదన, కొన్ని అనవసరపు ఆపరేషన్లు తప్పుతాయి. తెలియకపోతే, ఓపిక పట్టవలసిన చోట తొందరపడడమూ, తొందరపడవలసిన చోట ఓపిక పట్టడమూ జరుగుతుంది. రెండవది కంటికే ముప్పు.

కనురెప్పల లెక్క అంతా మిల్లీమీటర్లలోనే నడుస్తుంది. నేరుగా ఎదుటికి చూస్తున్నప్పుడు పై రెప్ప నల్లగుడ్డు పై అంచును 1 నుంచి 2 మిల్లీమీటర్ల మేర కప్పి ఉంటుంది. కంటి ముందు చిన్న టార్చిలైటు పట్టుకుంటే కనుపాప మధ్య ఒక వెలుగుచుక్క మెరుస్తుంది. ఆ చుక్కనుంచి రెప్ప అంచు దాకా మామూలుగా 4 లేక 5 మిల్లీమీటర్ల దూరం. ఈ దూరం 2 మిల్లీమీటర్లకు తగ్గిందంటే చూపులో పైభాగం మరుగుపడడం మొదలవుతుంది. మనిషి గడ్డం పైకెత్తి చూస్తాడు, కనుబొమలు ముడిచి పైకి లాగుతాడు; సాయంకాలానికి నుదురు నొప్పి పుడుతుంది. బియ్యపుగింజ మందంపాటి తేడాకు ఇంత తతంగం!

మనవాళ్ళు ఈ రెప్పను చిన్నచూపు చూడలేదు. వసిష్ఠుని శాపం వలన దేహం కోల్పోయిన నిమి చక్రవర్తి సకల ప్రాణుల కనురెప్పలలో నివసిస్తున్నాడని పురాణకథ. ‘నిమేషం’ అనే మాటను ఆ పేరుతోనే ముడిపెట్టారు. స్వయంవర మండపంలో ఐదుగురు నలులు కనబడినప్పుడు దమయంతి అసలు నలుణ్ణి పోల్చుకున్న ఆనవాళ్ళలో రెప్పపాటు ఒకటి: దేవతలకు అది లేదు. వైద్యుల సంగతికి వస్తే, సుశ్రుతసంహిత నేత్రరోగాలను 76గా లెక్కించి, వాటిలో 21 రెప్పలకు సంబంధించినవని చెప్పింది. ఆ 21లో ‘వాతహతవర్త్మ’ అనేది చేష్ట కోల్పోయిన రెప్ప.

నేటి వైద్యంలో రెప్ప వాలడానికి ‘టోసిస్’ అని పేరు. గ్రీకు భాషలో ఈ మాటకు ‘పడిపోవడం’ అని అర్థం. అనువాదమే వృత్తిగా బతికే నాకు ఇందులో మరొక ముచ్చట కనబడుతుంది: గ్రీకు వైయాకరణులు మన ‘విభక్తి’ వంటిదానికి కూడా ఇదే మాట వాడారు. నిటారుగా నిలబడిన నామవాచకం ఒక్కో విభక్తిలో ఒక్కో వైపు ఒరుగుతుందని వారి ఊహ. అదలా ఉంచుదాం.

రెప్పను మూసే కండరం ఒకటి, ఎత్తే కండరం వేరొకటి. ఎత్తేదాని పేరు లివేటర్. కంటిగూడు లోపలి కొసన పుట్టి, గుడ్డు మీదుగా ముందుకు సాగి, చివరకు పలుచని పట్టీలాంటి పొరగా మారి రెప్పలోని గట్టి పలకను అంటిపెట్టుకుంటుంది. దాని అడుగున ముల్లర్ కండరమనే చిన్న కండరం ఉన్నది. ఇది మన ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా పనిచేస్తూ, రెప్పను అదనంగా సుమారు 2 మిల్లీమీటర్లు ఎత్తి ఉంచుతుంది. భయపడినప్పుడు కళ్ళు విప్పారడంలో దీని పాత్ర ఉన్నది.

పెద్దవారిలో రెప్ప వాలడానికి సర్వసాధారణమైన కారణం ఆ పట్టీ సాగిపోవడమో, పలకనుంచి ఊడి వెనక్కి జారడమో. వయస్సు ప్రధాన హేతువు. దీర్ఘకాలం కాంటాక్టు లెన్సులు వాడడం, కంటిలో శుక్లం వంటివాటికి ఆపరేషన్ జరిగి ఉండడం కూడా కారణాలే. కండరం గట్టిదే, దాని తాడు వదులయింది. పుట్టుకతో వచ్చేదాని కథ వేరు: అందులో కండరమే సరిగా ఏర్పడక, దాని స్థానంలో నారలూ కొవ్వూ చేరి ఉంటాయి. ఇవి గాక నరాల జబ్బులున్నాయి. ఉదయం బాగా ఉండి సాయంత్రానికి వాలే రెప్పను, రోజుకొక తీరుగా ఉండే రెప్పను చూస్తే వైద్యులు మయస్తీనియా గ్రావిస్ అనే వ్యాధిని అనుమానిస్తారు. దానికి ముందు మందులే కాని కత్తి పనికిరాదు. హఠాత్తుగా రెప్ప వాలి, తీవ్రమైన తలనొప్పి వచ్చి, ఆ వైపు కనుపాప పెద్దదైనా, ఒకటి రెండుగా కనబడినా ఒక్క గంట కూడా ఆలస్యం చేయరాదు. మెదడులో రక్తనాళం ఉబ్బి మూడవ కపాలనాడిని నొక్కుతున్నదనడానికి అది సూచన కావచ్చు.

ఒకే కాడికి రెండు రెప్పలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కత్తి తాకని రెప్ప ఎందుకు వాలింది?

19వ శతాబ్దంలో ఎవాల్డ్ హెరింగ్ అనే జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఉండేవాడు. రెండు కళ్ళూ కలిసి చూసే తీరుపై 1868లో ఆయన ఒక గ్రంథం ప్రకటించాడు. కుడి ఎడమ కళ్ళు రెండు వేరువేరు అవయవాలు కావనీ, ఒకే అవయవానికి రెండు సగాలనీ ఆయన వాదన. మెదడునుంచి వెలువడే ఆజ్ఞ రెండు కళ్ళలోని జంట కండరాలకు సమానంగా అందుతుంది; ఒకదానికి ఎక్కువా రెండోదానికి తక్కువా పంపే ఏర్పాటు లేదు. ఈ జంట కట్టు అభ్యాసం వలన అబ్బినదని హెల్మ్‌హోల్ట్జ్ వంటి ఉద్దండుడు వాదించగా, ఇది పుట్టుకతో వచ్చినదేనని హెరింగ్ పట్టుబట్టాడు. గుడ్డును కదిలించే కండరాల గురించి చెప్పిన ఈ సూత్రం రెప్పలకూ వర్తిస్తుందని తరువాతివారు గ్రహించారు. దీనికి శరీరనిర్మాణంలో బలమైన ఆధారమే ఉన్నది: రెండు లివేటర్ కండరాలకూ ఆజ్ఞలిచ్చే నాడీకేంద్రం మధ్యమెదడులో, నట్టనడుమ, ఒక్కటే ఉన్నది.

ఎడమ రెప్ప వాలిందనుకోండి. చూపు అడ్డగింపబడుతున్నది కనుక మెదడు ‘ఇంకా ఎత్తు’ అని హెచ్చు ఆజ్ఞ పంపుతుంది. ఆ హెచ్చు ఎడమకు ఎంతో కుడికీ అంతే. తాడు వదులైన ఎడమ రెప్ప ఆ ఆజ్ఞతో ఏ కొద్దిగానో లేస్తుంది. కుడి రెప్ప మాత్రం తన సహజమైన ఎత్తుకన్న పైన నిలబడుతుంది. కుడి రెప్పలో కూడా ఎంతో కొంత సడలింపు ఉంటే అది ఈ అదనపు ఆజ్ఞ చాటున దాగి ఉంటుంది. ఎవరికీ అనుమానం రాదు. ఒకే కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కుంటుతుంటే తోలేవాడు అదిలిస్తాడు. ఆ అదిలింపుకు రెండోది కూడా చురుకుగా నడుస్తుంది. ఎడమ రెప్పను శస్త్రవైద్యుడు సరిచేసిన మరుక్షణం మెదడుకు అదిలించవలసిన పని లేకుండా పోతుంది. ఆజ్ఞ తగ్గుతుంది. కుడి రెప్ప తన అసలు స్థానానికి దిగుతుంది. మనకు మాత్రం ‘కొత్తగా వాలింది’ అనిపిస్తుంది.

ఆపరేషన్‌కు ముందే దీన్ని కొంతవరకు పసిగట్టవచ్చు. ఉపాయం చాలా తేలిక: వాలిన రెప్పను వైద్యుడు వేలితో మెల్లగా ఎత్తి పట్టుకొని, రెండో రెప్ప దిగుతున్నదా అని గమనిస్తాడు. లేదా ఫినైలెఫ్రిన్ చుక్కలు వాలిన కంటిలో వేస్తాడు. అవి ముల్లర్ కండరాన్ని ఉత్తేజపరచి, కొద్ది నిమిషాల్లో రెప్పను పైకి తెస్తాయి. అప్పుడు రెండో రెప్ప తీరు చూస్తే రేపటి ముఖం ఈనాడే ఒక మాదిరిగా కనబడుతుంది. మనందరికీ చేతివాటం ఉన్నట్లే కంటివాటం కూడా ఉన్నది. వాలిన రెప్ప ఆ ప్రధానమైన కంటిదే అయితే రెండో రెప్పమీద ప్రభావం మరీ ఎక్కువ. రెండూ సడలినట్లు తేలితే ఒకేసారి రెంటినీ సరిచేయడమో, ఒకటి చేసి వేచి చూడడమో రోగీ వైద్యుడూ కలిసి నిర్ణయించుకోవాలి. అయితే ఈ పరీక్ష నూటికి నూరుపాళ్ళు జోస్యం కాదు. వేలితో ఎత్తినప్పుడు కదలని రెప్ప ఆపరేషన్ తరువాత దిగిన సందర్భాలూ ఉన్నాయి.

నాకు పరిచయమున్న ఒక లెక్కల ఉపాధ్యాయిని సరిగా ఈ అనుభవానికే లోనైంది. ఆమెకు 54 ఏళ్ళు. ఎడమ రెప్ప వాలి ఆరేళ్ళయింది. ‘మేడమ్‌గారికి నిద్రొస్తోంది’ అని వెనక బెంచీ పిల్లలు గుసగుసలాడుకునేవారు. ఆమె బాధ అంతకన్న పెద్దది: నల్లబల్ల పైవరుసలో రాస్తుంటే తాను రాసినది తనకే కనబడేది కాదు. ఆపరేషన్ జరిగింది, పదిరోజులకు కుడి రెప్ప దిగింది. ఆమె భర్త కోపంతో వేరే ఆసుపత్రికి పోదామన్నారు. ఆ దశలో ఆమె తన కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టి, “అన్నయ్యగారూ, ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పండి, అంతా ఇంగ్లీషే” అన్నది.

చదివాను. ఆమె సంతకం చేసిన అంగీకారపత్రం మూడవ పుటలో, చిన్న అక్షరాలలో, రెండోవైపు రెప్ప వాలే అవకాశమున్నదని స్పష్టంగానే ముద్రించి ఉన్నది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు లెక్కలు చెబుతున్న మనిషికి అర్థమయ్యే భాషలో ఆ ఒక్క వాక్యం చెప్పడానికి ఎవరికీ తీరిక చిక్కలేదన్నమాట! తెలుగులో చెబితే అది పది మాటల సంగతి: ‘ఎడమది ఎత్తితే కుడిది దిగవచ్చు, అప్పుడు దాన్నీ చేయవలసి రావచ్చు.’ ఆసుపత్రులు అంగీకారపత్రాన్ని తమ రక్షణ కోసం అచ్చువేస్తున్నంత కాలం అది రోగికి అక్కరకు రాదని నా అభిప్రాయం. ఆమె మటుకు వేరే చోటికి పోలేదు. ఆ వైద్యుడే మూడు నెలలు ఆగమన్నాడు, ఆగింది. తరువాత కుడి రెప్పకూ ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు దగ్గరగా చూస్తే రెంటికీ వెంట్రుకవాసి తేడా కనబడుతుంది. నల్లబల్ల పైవరుస కూడా కనబడుతుంది.

బల్లమీద కొలత, అద్దంలో కొలత

హెరింగ్ సూత్రం ఒక్కటే దోషి కాదు. ఈ శస్త్రచికిత్సకు తనవైన చిక్కులున్నాయి.

పెద్దవారికి సాధారణంగా రెప్పకు మాత్రమే మత్తిచ్చి, మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేస్తారు. రెప్ప మడతలో కోసి, జారిన పట్టీని ముందుకు లాగి పలకకు కుడతారు. ముడి బిగించే ముందు కళ్ళు తెరవమంటారు, పైకి చూడమంటారు. అవసరమైతే బల్లమీద లేపి కూర్చోబెట్టి రెండు రెప్పలనూ పోల్చి చూస్తారు. వినడానికి ఇది దర్జీ కొలతలా ఉన్నది. కాని ఈ దర్జీ కొలిచే గుడ్డ కొలుస్తుండగానే సాగుతూ, కుంచించుకుపోతూ ఉంటుంది. మత్తుమందులో రక్తస్రావం తగ్గడానికి కలిపే ఎడ్రినలిన్ ముల్లర్ కండరాన్ని రెచ్చగొట్టి రెప్పను పైకెత్తుతుంది. అదే మత్తుమందు లివేటర్ దాకా పాకితే రెప్ప దిగుతుంది. మూసే కండరానికి పాకితే లేస్తుంది. వాపు, లోపల పేరుకున్న రక్తం రెప్పను బరువెక్కించి కిందికి లాగుతాయి. ఇన్ని అబద్ధపు సాక్ష్యాల మధ్య నిజమైన ఎత్తును ఊహించాలి. అందుకే కొందరు శస్త్రవైద్యులు ఇవన్నీ లెక్కలోకి తీసుకొని కావలసినదానికన్న కాస్త ఎక్కువ ఎత్తులోనే కుట్టి వదులుతారు.

పసిపిల్లలకు పూర్తి మత్తు ఇవ్వక తప్పదు. నిద్రపోతున్న పిల్లవాణ్ణి కళ్ళు తెరవమనలేరు గదా! అక్కడ ముందుగా తీసుకున్న కొలతలే దిక్కు. కిందికి చూసి పైకి చూసేలోగా రెప్ప ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందన్నది అందులో ముఖ్యమైనది. 4 మిల్లీమీటర్లు, అంతకు లోపు అయితే కండరం బలహీనమైనదని అర్థం. ఆరోగ్యవంతుని రెప్ప 12 మిల్లీమీటర్లకు పైగా కదులుతుంది. బలమున్న రెప్ప ఆపరేషన్ తరువాత కొద్దిగా లేస్తుందనీ, బలహీనమైనది కొద్దిగా దిగుతుందనీ గమనించి, దానికి తగినట్లు బల్లమీదనే ఎత్తు నిర్ణయించే పద్ధతిని అమెరికన్ నేత్రవైద్యుడు రేమండ్ బెర్క్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇది అనుభవం మీద కట్టిన అంచనా మాత్రమే. పిల్లవాని కండరం ఆ అంచనాకు కట్టుబడి ఉంటానని ప్రమాణం చేయలేదు.

చాలామంది గమనించని మరొక విషయం కనుబొమ. ఏళ్ళ తరబడి వాలిన రెప్పను మోయడానికి నుదుటి కండరం బొమను పైకి పట్టి ఉంచుతుంది. రెప్ప సరిపడ్డాక దానికి విశ్రాంతి దొరికి, బొమ తన చోటికి దిగుతుంది. దానితో పాటు పైనున్న చర్మం కూడా జారి మడతను కప్పుతుంది. అంచుల ఎత్తు కొలిస్తే సమానమే, అయినా చూసేవారికి ఒక కన్ను చిన్నదిగా కనబడుతుంది. రెప్ప మడత ఒకవైపు పైన, ఒకవైపు కింద ఏర్పడినా ఇదే భ్రమ. కనుక ‘ఎగుడుదిగుడుగా ఉన్నది’ అనే ఫిర్యాదు వినగానే అనుభవజ్ఞుడైన వైద్యుడు ముందు స్కేలు తీసుకుంటాడు: తేడా అంచులోనా, మడతలోనా, బొమలోనా? మూడింటికీ మందు ఒకటి కాదు.

పసిపిల్లల విషయం

పుట్టుకతో వాలిన రెప్పకు చేసే ఆపరేషన్‌లో సమానత్వం ఇంకా దుర్లభం. కండరం స్థానంలో నారలుంటే అది సరిగా బిగుసుకోదు, సరిగా సడలదు కూడా. అందువలన నేరుగా చూసేటప్పుడు రెండు కళ్ళూ జోడుగానే ఉన్నా, పిల్లవాడు పుస్తకంలోకి వంగి చూసినప్పుడు ఆపరేషన్ చేసిన రెప్ప పైనే నిలిచిపోతుంది. నిద్రలో ఆ కన్ను అర చెక్క తెరిచే ఉంటుంది. తల్లిదండ్రులు బెదిరిపోతారు. ఈ లక్షణం పూర్తిగా పోయేది కాదని ముందే తెలుసుకోవాలి. కన్ను ఎండిపోకుండా కొంతకాలం మందు వేస్తూ కనిపెట్టుకొని ఉండాలి.

కండరం మరీ బలహీనమైతే రెప్పను నుదుటి కండరానికి వేలాడదీస్తారు. తొడమీది గట్టిపొరనుంచి తీసిన పట్టీని గాని, సిలికాన్ తీగను గాని చర్మం కింద దూర్చి ముడివేస్తారు. అప్పటినుంచి పిల్లవాడు బొమ ఎగరేస్తే రెప్ప లేస్తుంది. ఒక కన్ను మాత్రమే వాలిన పిల్లల్లో ఇది ఒక విచిత్రమైన ధర్మసంకటానికి దారితీసింది. మంచి కన్ను బాగా చూస్తున్నప్పుడు బొమ ఎగరేయవలసిన అవసరం పిల్లవానికి తోచదు. వేలాడదీసిన రెప్ప కిందనే ఉండిపోతుంది. క్రోవెల్ బేర్డ్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు దీనికొక సాహసమైన మార్గం చెప్పాడు: బాగున్న రెప్ప కండరాన్ని కూడా పనిచేయకుండా చేసి, రెంటినీ నుదుటికి వేలాడదీయాలి! అప్పుడు రెండూ ఒకే తీరున నడుస్తాయి. బాగున్న కండరాన్ని ముట్టుకోకుండా రెండోవైపు కూడా పట్టీ మాత్రం వేస్తే చాలునని ఆల్స్టన్ కాలహాన్ మరొక దారి సూచించాడు. సిద్ధాంతరీత్యా రెంటికీ సమర్థన ఉన్నది. కాని ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కంటిని కోయడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఎక్కువమంది తల్లిదండ్రులు ఒక కంటికే ఒప్పుకొని, కొంత ఎగుడుదిగుడును భరించడానికి సిద్ధపడుతున్నారంటే వారిని తప్పుపట్టలేము.

అయితే ఒక విషయంలో తాత్సారం కూడదు. వాలిన రెప్ప కనుపాపను కప్పివేస్తే ఆ కంటితో చూడడం మెదడు నేర్చుకోదు. రెప్ప ఒత్తిడికి నల్లగుడ్డు ఆకారం మారి, చూపు మసకబారినా అదే ఫలితం. దీన్ని మందదృష్టి అంటారు. ఏడెనిమిదేళ్ళు దాటాక సరిదిద్దడం బహుకష్టం. ‘పెద్దయ్యాక, పెళ్ళిచూపుల నాటికి చేయిద్దాం’ అనుకునే ఇళ్ళలో అందం సంగతి ఆలోచించారే గాని చూపు సంగతి ఆలోచించలేదు. పిల్లవాడి కనుపాప కనబడుతున్నా సరే, చూపు పరీక్ష మాత్రం వెంటనే జరగాలి.

చిన్ననాటి ఆపరేషన్లు ఎప్పుడూ గెలుస్తాయని కూడా అనుకోరాదు. రేడియోహెడ్ అనే ఇంగ్లీషు సంగీత బృందపు గాయకుడు థామ్ యార్క్ 1968లో ఎడమ కన్ను మూతపడి పుట్టాడు. ఆరేళ్ళు నిండేలోగా ఐదు ఆపరేషన్లు జరిగాయి. కంటికి కప్పు కట్టుకొని బడికి వెళ్ళి తోటిపిల్లల వెక్కిరింతలు భరించాడు. చివరి ఆపరేషన్ సఫలం కాక రెప్ప వాలే మిగిలింది. లక్షలమంది గుర్తుపట్టే ఆ ముఖంలో ఈనాటికీ రెండు కళ్ళు రెండు తీరులుగానే ఉన్నాయి.

ఎంతకాలం ఆగాలి?

మొదటి రెండు వారాలు అద్దం చెప్పే మాట నమ్మదగినది కాదు. వాపు రెండువైపులా ఒకే వేగంతో తగ్గదు. రెండు కళ్ళకూ ఒకే రోజు ఆపరేషన్ జరిగినా ఇది వర్తిస్తుంది. ఆరు వారాలకు చాలావరకు కుదుటపడుతుంది. రెండోసారి కత్తి పట్టే ముందు సుమారు మూడు నెలలు ఆగడం సాధారణ ఆనవాయితీ, ఎందుకంటే లోపలి మచ్చకణజాలం మెత్తబడేదాకా కుదిరిన ఎత్తు ఏదో తేలదు. దీనికి ఒక మినహాయింపు: తేడా మరీ కొట్టవచ్చినట్లుంటే కొందరు వైద్యులు మొదటి వారం పది రోజుల్లోనే గాయం పూర్తిగా అతుక్కోకముందు ఒక కుట్టు విప్పో, బిగించో సరిచేస్తారు. రెప్ప మరీ పైన ఉన్నప్పుడు కిందికి మర్దన చేయమనడమూ ఉన్నది. అది వైద్యుడు చూపినట్లే చేయాలి గాని సొంత ప్రయోగం పనికిరాదు.

ఆగకూడని సందర్భాలు వేరు. ఆపరేషన్ అయిన కొద్ది గంటల్లో భరించలేని నొప్పి, గుడ్డు ముందుకు పొడుచుకురావడం, చూపు తగ్గడం కనబడితే కంటి వెనుక రక్తం చేరుతున్నదని అర్థం. అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. కన్ను పూర్తిగా మూతపడక ఎర్రబడి, ఇసుక పోసినట్లు గరగరలాడి, వెలుతురు చూడలేకపోతున్నా, నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ కనబడినా అదీ అత్యవసరమే. ఎండిపోయిన కార్నియాకు పుండుపడితే ఆ నష్టం తీరేది కాదు. అందం కొరవ పడిందని రోజూ ఫోను చేసే రోగి ఈ గరగరను గురించి ‘మామూలేలే’ అని ఊరుకోవడం వైద్యులు తరచు చూసే విడ్డూరం.

మూడు నెలల తరువాత మిగిలిన తేడా 1 మిల్లీమీటరు లోపుంటే దాన్ని చాలామంది వైద్యులు మంచి ఫలితంగానే భావిస్తారు. ఇది తప్పించుకునే మాటలా వినిపించవచ్చు. పాత పెళ్ళిఫోటో తీసి ఒక స్కేలు పెట్టి చూడండి: ఆపరేషన్ ముఖమే ఎరుగని మనుషుల్లో కూడా రెండు రెప్పలూ అచ్చంగా ఒకే ఎత్తులో ఉండేవారు అరుదు. పెళ్ళిఫోటోకు మరొక ప్రయోజనమూ ఉన్నది. ఆపరేషన్‌కు ముందు రెప్ప సహజంగా ఎక్కడ ఉండేదో, రెండోది ఎప్పటినుంచి దిగుతున్నదో శస్త్రవైద్యునికి అది చెప్పగలదు. ఆయన అడగకపోయినా వెంట తీసుకుపోవడం మంచిది.

చిన్న తేడా మిగిలితే మళ్ళీ కత్తే శరణ్యమా? పెద్దవారిలో వాలిన రెప్పకు ఆక్సిమెటజోలిన్ చుక్కల మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఆమోదించింది. ఇది ముల్లర్ కండరాన్ని కొద్ది గంటలపాటు బిగించి రెప్పను సుమారు ఒక మిల్లీమీటరు లేపుతుంది. రోజూ వేసుకోవాలి, మానితే రెప్ప మళ్ళీ దిగుతుంది, పుట్టుకతో వచ్చిన లోపానికి ఉద్దేశించినది కాదు. మూసుకుపోయిన ముక్కుకు వాడే చుక్కల్లోనూ ఇదే పేరు గల మందు ఉంటుంది. అయినా ఆ సీసాను కంటిదాకా తేవడం ప్రమాదం.

రెండో ఆపరేషన్ తప్పదని తేలితే, అది మొదటిదానికన్న కష్టమైనది. పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి, పట్టు దొరికే కణజాలం తగ్గి ఉంటుంది. రెప్పలకూ కంటిగూటికీ ప్రత్యేకించిన శస్త్రవైద్యులు నేడు మన దేశంలో ఉన్నారు, హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, మదురైలోని అరవింద్ ఆసుపత్రి, చెన్నైలోని శంకర నేత్రాలయ వంటి చోట్ల ఇందుకు విభాగాలే ఉన్నాయి. అక్కడికి వెళ్ళినప్పుడు వారు అడిగే మొదటి కాగితం మొదటి ఆపరేషన్ వివరాలది: ఏ కండరాన్ని ఎన్ని మిల్లీమీటర్లు కుదించారు, ముందునుంచి కోశారా, రెప్ప తిరగేసి లోపలినుంచి చేశారా, పట్టీ వేసి ఉంటే అది ఏ పదార్థం. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీలో ఇవన్నీ ఉండవు. ఆపరేషన్ నోట్సు నకలు విడిగా అడిగి తీసుకోవాలి; ఆసుపత్రి విడిచి వచ్చే ముందే అడిగితే తేలికగా దొరుకుతుంది.